పాకుడు

గరివిడిలో రాత్రి ఒంటిగంటన్నర.
నా చిటికెనవేలంత ఉక్కు కడ్డీ
ఆరువందల యాభై డిగ్రీల్లో మసక ఎరుపై వేలాడుతోంది.
కింద తూకపురాళ్ళు లాగుతుంటే
పాకుతోంది.

"ఇనుము పాకుతాదేటి?" అని నవ్వింది నూకాలు,
చంటిదాని మోకాళ్ళకి కొబ్బరినూనె రాస్తూ.
అదప్పుడే మొదలెట్టింది:
గడప దాకా వచ్చి, ఆగి, వెనక్కి చూసి,
మళ్ళీ గడప.
క్రీప్ అన్న మాటకి తెలుగేంటని హేమసుందరి మేడం అడిగితే
నాకు ఇల్లే గుర్తొచ్చింది.

అచ్చులో పోసింది కాదు ఈ ఉక్కు.
మొహానికి అద్దుకునే పౌడరంత సన్నని పొడి.
పరిచి, లేజరు మొనతో కరిగించి, మళ్ళీ పరిచి,
వెంట్రుక మందమైనా లేని పొరలు, వేలకి వేలు.
కందిరీగ గూడులాంటిదే అన్నాను నాన్నతో.
ముప్పయ్యేళ్ళు మాంగనీసు ఫర్నేసు నోరు తెరిచిన మనిషి,
నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ చుట్ట తాగే మనిషి,
చుట్ట తీసి అన్నాడు:
"కరిగితే అంతా ఒక్కపాలి కరగాల.
ముక్కముక్కలుగా కరిగింది
ముక్కముక్కలుగానే గుర్తెట్టుకుంటాది."

రియాక్టరు గుండెలో నిలబడాల్సిన ఉక్కుకి
తోబుట్టువు ఇది.
అక్కడ వేడొక్కటే కాదు,
కంటికానని దెబ్బలు, అణువు మీద అణువు మీద,
అరవై ఏళ్ళు.
అన్నేళ్ళు ఎవరూ కాపలా కూర్చోలేరు గనక
వేడి పెంచి, బరువు పెంచి,
కాలాన్ని మడతపెట్టి
నా ముందు ప్లాస్టిక్ కుర్చీ వేశారు.

తుపాను రాత్రి కరెంటు పోయింది.
జనరేటరు దగ్గర డీజిలు డబ్బా ఒళ్ళో పెట్టుకుని
వానలో కూర్చున్నాను.
నూకాలు ఫోను: "వంటింటి రేకు లేచిపోనాది."
నేను: "ఆరువందల నలభై తొమ్మిది."
అటుపక్క చాలాసేపు గాలి చప్పుడు.
తర్వాత, "ఒక్క డిగ్రీయేనా దిగింది?" అంది.
ఆ మాటకి ఇప్పటికీ నాకు బదులు దొరకలేదు.

నిలువుగా పుట్టిన కడ్డీ ఒకటి, అడ్డంగా పుట్టింది ఒకటి,
పక్కపక్క కొలిముల్లో.
ఆషాఢం ఆఖర్న వేలాడదీశాం.
ఈలోగా పిల్ల గోడ పట్టుకుంది, గోడ వదిలింది,
"బువ్వ" అంది, "పో" అంది.
జీడిపళ్ళు రాలే చైత్రంలో ఒక వేకువ
మెటిక విరిచినంత చప్పుడు.
గడియారం ఆగింది:
ఆరువేల రెండువందల పన్నెండు గంటలు.
నిలువుది.

సూక్ష్మదర్శినిలో విరిగిన మొహం చూశాం.
రెండు పొరల సందున
గుండ్రంగా, చెక్కుచెదరకుండా
ఒక్క పొడి గింజ.
ఇన్ని వేల కరగడాల మధ్య
దాన్నెవరూ కరిగించలేదు.

పొడి అమ్మిన కంపెనీ తాలూకు మనిషి విశాఖ నుంచి వచ్చాడు.
టీ తాగుతూ అన్నాడు, "ఒక్క గింజండీ.
అడ్డంది బాగానే ఉంది కదా, అదే రాయండి."
మేడం ఏమీ అనలేదు.
లాగ్‌బుక్కు నా వైపు జరిపింది, పెన్ను మూత తీసి.

నూకాలు కన్నోరిల్లు రణస్థలం అవతల, సముద్రపొడ్డున.
ఆ ఒడ్డున ఏం కడతారో, కడతారో లేదో
నాకెవరూ చెప్పరు.
ఏ ఒడ్డునైనా ఒక గడప ఉంటుంది,
గడప దాకా పాకే పిల్లొకతి ఉంటుంది.
రాశాను. గంటలు రాశాను, గింజ రాశాను,
తుపాను రాత్రి దిగిన ఆ ఒక్క డిగ్రీ కూడా.

ఫొటో ఇంటికి తెచ్చి నాన్న చేతిలో పెట్టాను.
నే సెప్పనేదా అంటాడనుకున్నాను.
వేలితో గింజని తుడవబోయాడు, కాగితమని మరిచిపోయి.
"రెండోది?"
"ఇంకా పాకుతోంది."
"ఎన్నాళ్ళు?"
తెలీదు నాన్నా.
టిఫిను డబ్బా ఎక్కడ దాచిందో ఈ పిల్ల,
తొమ్మిదింటికి డ్యూటీ.